పొద్దుటి దగ్గు కూడా దగ్గే

కంకర మిల్లుల్లో దుమ్ము లేవకుండా నీళ్లు చల్లించమని కూలీలు అర్జీ పెట్టుకున్నారు. దాని మీద విచారణకొచ్చిన అధికారి అడిగింది ఒక్కటే: "దగ్గు ఉందా?"

రాళ్లు మోసే తమ్ముడు గోడ పట్టుకుని, ఊపిరందక దగ్గి దగ్గి, కళ్లు తుడుచుకుని "లేదండి" అన్నాడు. మిల్లులు నడిపే కాంట్రాక్టర్ పకపకా నవ్వాడు. అధికారి లేదనే రాసుకున్నాడు. వెనక నిలబడ్డ వాడి అక్కకు ఒళ్లు మండిపోయింది.

తమ్ముడు అబద్ధమాడలేదు. అసలు బాధంతా అదే. అక్కడ పొద్దున్నే దగ్గడమంటే మొహం కడుక్కోవడం లాంటిది. రక్తం పడితేనే దాన్ని దగ్గనేవారు. అదే కాంట్రాక్టర్‌కున్న రెండో మిల్లులో, మంచం పడితేనే జబ్బు. మూడో మిల్లువాళ్లు అన్నిటినీ నీరసంలో కలిపేశారు. మూడు చోట్ల లెక్కలూ పొంతన లేకుండా ఉన్నాయని, సరిచేసుకుని మళ్లీ రమ్మని అధికారి లేచిపోయాడు. గుండెల్లో చేరిన దుమ్ముకు మాత్రం ఏ మిల్లన్న తేడా లేదు.

సెలవు రోజున మూడు మిల్లులవాళ్లూ లారీల షెడ్డులో కూడారు. దుమ్ము జబ్బుల మీద పరిశోధన చేసే ఆసుపత్రి నర్సమ్మ వచ్చి, అందరినీ ఒకే ప్రశ్న అడగాలని, అందరూ ఒకేదాన్ని దగ్గనాలని, లేకపోతే మీ బాధ ఏ లెక్కలోకీ రాదని చెప్పింది. తలా ఓ మాట అన్నారు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందా అని అడుగుదామన్నారు ఒకరు. మా గుడిసెలకు మెట్లెక్కడివని ఇంకొకరు ఎగిరారు. చివరికి, చదును దారిలో ఈడువాళ్లతో నడుస్తూ మధ్యలో ఆగుతున్నావా అని అడగాలని తేలింది. దగ్గు దగ్గరే పీటముడి పడింది. పొద్దుటి దగ్గునూ లెక్కలో వేయాల్సిందేనంది అక్క.

రాళ్లు పేల్చే తాత లేచాడు. "పొద్దుటి దగ్గును కూడా జబ్బంటే మిల్లులో ఒక్కడు మిగలడు. రేపే గెంటేస్తారు. తిండి నువ్వు పెడతావా?"

అక్కకు కూడా భయమేసింది. తమ్ముడి కూలి లేకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. అయినా అంది, "మొదట మా వాడే చెప్తాడు తాతా."

"చెప్తే నన్నొక్కణ్ణే తీసేస్తారక్కా," అన్నాడు తమ్ముడు.

ఆమె అందరి వైపూ తిరిగింది. "వీణ్ణి తీసేస్తే మీరు లోపలికెళ్తారా?"

ఎదుటివాడు నోరు విప్పితే చూద్దామని అందరూ నేల చూపులు చూశారు. చివరికి తాతే గొణిగాడు, "వెళ్లం."

రెండో విచారణలో అధికారి మళ్లీ అదే ప్రశ్న అడిగాడు.

"ఉందండి. రోజూ పొద్దున్నే. చదును దారిలో కూడా ఆగుతున్నాను," అన్నాడు తమ్ముడు. తర్వాత వచ్చినవాళ్లందరూ, ఏ మిల్లువాళ్లయినా, అదే కొలతతో చెప్పారు. కాంట్రాక్టర్ ఈసారి నవ్వలేదు.

మర్నాడు గేటు దగ్గర తమ్ముణ్ణి ఆపేశారు. జబ్బు మనిషికి పని లేదన్నారు. తాత సంచీ దించి గేటు ముందు చతికిలబడ్డాడు. వెనకే మిగతావాళ్లు. కాసేపటికి మిగిలిన రెండు మిల్లులూ ఆగాయి.

ఇన్నేళ్లూ మిల్లుల హోరులో ఎవరి దగ్గు వాళ్లకే వినిపించేది. ఇప్పుడు గేటు ముందు ఈ చివర నుంచి ఆ చివర దాకా దగ్గులే. అక్క ఒక్కొక్కరి మొహమే చూస్తూ పోయింది. ఇంతమందా అనుకుంది. ఆఫీసు గదిలో కాంట్రాక్టర్ కిటికీ మూయించాడు. మూసినా వినపడేంతమంది అక్కడ కూర్చున్నారు.