ఇంటికొక చీటీ

"కండెలు చుట్టడానికి చేతిలో బలమెందుకే? కూర్చుని చేసే పనేగా" అన్నాడు మా ఆయన.

కలరా సూది వేయించుకున్న మర్నాడు పొద్దున్న మాట అది. ఎడమ చెయ్యి భుజం నుంచి మోచేతి దాకా వాచింది. ఒళ్లు కాలిపోతోంది. అయినా రాట్నం ముందు కూర్చుని కుడిచేత్తో తిప్పుతున్నాను, ఎడమచేత్తో పోగు పట్టుకుంటున్నాను. ఆయన మాత్రం మగ్గం గుంటలో కాళ్లు దించి, కండెలు అందలేదని, కండె పెట్టి విసిరే నాడె ఒళ్లో పెట్టుకుని నా వైపు చూస్తున్నాడు. సూది ఇద్దరం వేయించుకుని ఉంటే ఇద్దరికీ వాచేది. వేయించుకున్నది నేనొక్కదాన్నే. ఎందుకో చెబితే మీకు నవ్వొస్తుంది. ఇప్పుడు నాకూ వస్తుంది, ఆ రోజు మాత్రం రాలేదు.

యుద్ధం రోజులు. ఆ ఏడు వానలకు కాలవ వెంట ఊళ్లలో కలరా తగిలింది. ఉయ్యూరు పక్కన మా నేతపేటలోనే రెండిళ్లకు తాళాలు పడ్డాయి. దండోరా వేశారు. సూది వేయించుకున్న చీటీ లేనివాళ్లను బెజవాడలోకి రానివ్వరు, వేయించుకున్న ఆరు రోజులకు గాని చీటీ చెల్లదు. దండోరా అందరం విన్నాం. అయితే మా పేటలో మగవాళ్లు దాన్ని తమకు తెలిసిన పద్ధతిలో అర్థం చేసుకున్నారు. నూలు కార్డు ఇంటికొకటి. పంచదార కార్డు ఇంటికొకటి. కిరసనాయిలూ అంతే. కాబట్టి సూది కూడా ఇంటికొకటే. ఇంటిల్లిపాదిలో ఎవరో ఒకరు పొడిపించుకుంటే చీటీ ఇంటికి వస్తుంది, ఇంటాయన దాన్ని జేబులో పెట్టుకుని బస్సెక్కుతాడు. "నాడె విసిరే చెయ్యి నాది. నేను వారం పడుకుంటే ఇల్లెట్లా గడుస్తుంది? నువ్వెళ్లి వేయించుకుని చీటీ పట్రా" అన్నాడాయన. మా అత్త పున్నమ్మ తల ఊపింది. నాకూ సబబుగానే తోచింది. అదే నాకిప్పటికీ మింగుడుపడదు.

మగ్గం మీద చీరె దిగాలంటే ముందు నూలు నానెయ్యాలి, గంజి పెట్టాలి, ఆరెయ్యాలి, పడుగు పోగులు సాగదీసి ఆసు పోయాలి. పాత పడుగు చివరలకు కొత్త పడుగు ఒక్కో పోగూ అతకాలి, అవి వేలల్లో ఉంటాయి. తర్వాత కండెలు చుట్టాలి. ఇవన్నీ అయ్యాక మగవాడొచ్చి గుంటలో కూర్చుని నేస్తాడు. అప్పటి నుంచి అది ఆయన నేసిన చీరె. జనాభా లెక్కలాయన వచ్చినప్పుడు "మీ ఇంటావిడ ఏం చేస్తుందండీ?" అని అడిగితే, "ఏం చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది" అని చెప్పాడు మా ఆయన. నేను ఆ పక్కనే కూర్చుని పోగులు అతుకుతున్నాను. ఆ మాటకు లెక్క తప్పింది, మళ్లీ మొదటి నుంచి ఎంచుకున్నాను.

మా ఇంట్లో రెండో మగ్గం ఉంది. మామగారిది. ఆయన పోయిన నాటి నుంచి ఆ గుంటలో చిట్టు బస్తాలు, కూర్చునే పలక మీద గుమ్మడికాయలు. దాన్ని చూసినప్పుడల్లా నా కాళ్లు ఊరుకునేవి కావు. కాళ్లు ఎప్పుడు నొక్కాలో, పోగును తట్టే దెబ్బ ఎంత బలంగా పడాలో పదేళ్లుగా చూస్తూనే ఉన్నాను. నాకు నెయ్యాలని ఉంది. చీరె అంచు నా చేతికింద ఒక్కో దెబ్బకూ పెరుగుతుంటే చూసుకోవాలని ఉంది. ఒకసారి అడిగాను కూడా. "ఆడది గుంటలో దిగితే మొగాడు కండెలు చుట్టాలా?" అని పక్కింటి వాళ్లకు వినపడేటట్టు నవ్వాడు మా ఆయన. ఆడది గుంటలో కాళ్లు పెడితే అమ్మవారికి కోపం వస్తుందంది అత్త. మా ఇలవేల్పు ఆ చౌడేశ్వరమ్మ పేరే నాకు పెట్టారు. ఆవిడకు నామీద కోపమెందుకొస్తుందో నాకు తెలియలేదు. ఆ తర్వాత మళ్లీ అడగలేదు.

సూదులు పొడిచింది అమలమ్మ గారని మిషను ఆస్పత్రి నర్సు. బడి అరుగు మీద బల్ల వేసుకుని కూర్చుంది. పేరు అడిగితే నా వెనక నుంచి మా అత్త అందుకుని "కోటిలింగం పెళ్లామండీ" అంది. అమలమ్మ గారు కలం పక్కన పెట్టింది.

"కోటిలింగం గారి పెళ్లానికి సూది వెయ్యనమ్మా. పేరున్న మనిషికే వేస్తాను. నీ పేరేంటి?"

చెప్పాను. పెళ్లయ్యాక నా పేరు నా నోటితో పైకి అన్నది అదే మొదటిసారి. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆవిడ రాసుకుని ఒంటి మీద గుర్తేదైనా ఉందా అంది. పుట్టుమచ్చ ఏదీ గుర్తు రాలేదు. నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసి, ఎడమ చూపుడువేలి దగ్గర ఆగింది. రాట్నం తిప్పేటప్పుడు పోగు ఆ వేలి మీదుగానే పోతుంది. పదేళ్ల పోగు అక్కడ గాడి కోసింది. "ఇంతకన్నా గుర్తు ఇంకేం కావాలి?" అని అదే రాసింది. చీటీ నా చేతిలో పెట్టి పేరు చూపించింది. నాకు చదవడం రాదు. అక్షరాలు ఎంచుకున్నాను. అయిదు.

నాలుగో నాటికి నా చెయ్యి వాపు తీసింది. అదే రోజు బందరులో మా ఆయన పెదనాన్న దినమైతే ఆయన వెళ్లాడు. శుక్రవారానికి బెజవాడ ఆదిశేషయ్య గారి కొట్టుకు ఆరు చీరెలు చేరాలి. చేరకపోతే దసరా నూలు ఇంకొకరికి ఇచ్చేస్తానని షావుకారు కబురు పెట్టాడు. నూలు పోతే మగ్గం ఆగిపోతుంది. ఆరో చీరె ఇంకా మగ్గం మీదే ఉంది, మూడు మూరలు మిగిలింది. మధ్యాహ్నం అంట్లు తోమి వచ్చి మగ్గం వంక చూస్తూ నిలబడ్డాను. అత్త నన్ను చూసింది. పీట తీసుకెళ్లి వీధి గుమ్మంలో వేసుకుని, దారికడ్డంగా వీధి వైపు తిరిగి కూర్చుంది. నేను గుంటలో కాళ్లు దించాను. మూరెడు నేశాను. ఆ గంట సేపు నాకు ఆకలి లేదు, నొప్పి లేదు, ఎవరి కోడలినో ఎవరి పెళ్లాన్నో కూడా గుర్తు లేదు. నాడె చప్పుడు వీధిలోకి పోయినప్పుడల్లా అత్త గట్టిగా దగ్గింది. ఎవరో ఆగి అడిగితే "మావాడు ఇంకా బయల్దేరలేదులే" అని చెప్పింది.

మర్నాడు మా ఆయన వచ్చి మిగతాది పూర్తి చేశాడు. మూరెడు పెరిగిందన్న అనుమానమే రాలేదు. మగ్గం మీద ఉన్నదంతా తనదే అనుకునే మనిషికి అనుమానమెందుకొస్తుంది?

శుక్రవారం బయల్దేరాం. చీటీ నా పేరున ఉంది కాబట్టి ఎవరైనా అడిగితే చూపించడానికి ఉంటానని నన్నూ రమ్మన్నాడు, పెట్రోలు కరువై బొగ్గుతో నడిచే బస్సులో మూట ఒళ్లో పెట్టుకోవడానికి కూడా మనిషి కావాలి. కంకిపాడు దాటాక బస్సు పొగ కక్కుతూ రెండు చోట్ల ఆగింది. పటమట దగ్గర రోడ్డుకు అడ్డంగా వెదురు కట్టి, పక్కన డేరా వేసి, అందరినీ దింపారు. మా ఆయన జేబులోంచి చీటీ తీసి దర్జాగా చాచాడు. జవాను దాన్ని చదివి ఆయన మొహం చూశాడు, మళ్లీ చదివాడు.

"చౌడేశ్వరమ్మంటే నువ్వేనా?"

వెనక ఉన్నవాళ్లు నవ్వారు. మా ఆయన ఇంటికొకటి పద్ధతి వివరించబోయాడు, నూలు కార్డు సంగతి కూడా ఎత్తాడు. జవాను వినకుండా నా వైపు తిరిగి ఎడమ చెయ్యి చూపించమన్నాడు. చూపుడువేలు చూసి, చీటీ నా చేతికిచ్చి నన్ను పక్కకు పంపి, ఆయన్ను నిలబెట్టేశాడు. డేరాలో ఇప్పుడే సూది వేస్తారు గాని ఆరు రోజుల దాకా బెజవాడ మాటెత్తొద్దన్నాడు. మా ఆయన మొహం చూస్తే నాకు జాలేసింది, నిజంగా. ఇంతలో డ్రైవరు హారన్ మోగించాడు. మూట నాచేతికిచ్చి, "షావుకారు ముందు ఎక్కువ మాట్లాడకు. చీరెలిచ్చి, నూలు తీసుకుని వచ్చెయ్" అన్నాడు ఆయన. వెదురు లేచింది. పదేళ్ల కాపురంలో నేను ఒక్కదాన్నే ఎక్కడికైనా వెళ్లడం అదే మొదలు. మూట ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాను.

ఆదిశేషయ్య గారు బట్టను కళ్లు మూసుకుని చేత్తో చూస్తారు. అయిదు చీరెలు తడిమి పక్కన పెట్టారు. ఆరో చీరె కొంగు దగ్గర ఆయన వేళ్లు ఆగాయి. వెనక్కి వెళ్లి మళ్లీ తడిమారు. తప్పు పట్టుకున్నారు, చీరె తిప్పి పంపేస్తారు, మగ్గం ఆగిపోతుంది, దానికి కారణం నా ఒక్క గంట సరదా.

"ఇక్కడ మూరెడు మేర దెబ్బ ఎంత సమంగా పడిందో చూశావా అమ్మా? మీ కోటిలింగం అన్ని మూరలూ ఇట్లాగే నేస్తే నేను కళ్లు మూసుకునే పని లేదు. దసరాకు రెండో మగ్గానికీ పడుగు ఇస్తానంటే తన ఒక్కడి చెయ్యి చాలదంటాడు."

అవునండీ అని ఊరుకుంటే సరిపోయేది. ఎక్కువ మాట్లాడొద్దని చెప్పి పంపారు కూడా. నాకు చిట్టు బస్తాలు గుర్తొచ్చాయి, గుమ్మంలో అడ్డంగా కూర్చున్న అత్త వీపు గుర్తొచ్చింది.

"ఆ మూర నేను నేశానండీ" అన్నాను.

ఆయన కళ్లు తెరిచారు. "మీలో ఆడవాళ్లు మగ్గంలో కూర్చోరు కదమ్మా."

"కూర్చోనివ్వరండీ."

ఆయన చీరె మడిచి మిగతా అయిదింటి మీద పెట్టారు. నాకు బట్ట కావాలమ్మా, ఎవరు కూర్చుని నేశారో చీరె మీద రాసి ఉండదు కదా అని నవ్వారు. రెండో మగ్గానికి ఎవరి పేరు చెప్పమంటావని అడిగారు. నేను కొంగుముడి విప్పి చీటీ తీసి ఇచ్చాను. ఆయన దాన్ని పైకి చదివారు, కొట్లో గుమస్తాలందరికీ వినపడేటట్టు. అయిదు అక్షరాలూ విన్నాను.

రెండు పడుగుల నూలు మూటతో పొద్దు వాలేవేళకు పటమట చేరాను. మా ఆయన రోడ్డు పక్క తూము మీద కూర్చుని ఉన్నాడు, చొక్కా చెయ్యి పైకి మడిచి, ఎడమ భుజం కుడిచేత్తో పట్టుకుని. నుదురు ముట్టుకుని చూస్తే కాలిపోతోంది. పక్కన కూర్చుని మరచెంబులో నీళ్లు తాగించాను. సూది ఇంత నొప్పని ఎందుకు చెప్పలేదన్నాడు. ఆ రోజే చెప్పానని అనలేదు నేను. చీరెలు తీసుకున్నారా అన్నాడు, తీసుకున్నారన్నాను. అప్పుడు మూట చూశాడు. దాని బరువు చూశాడు.

"రెండో పడుగెందుకే? ఎవరు నేస్తారు? ఈ చేత్తో నేను ఉన్న మగ్గమే నెయ్యలేను."

ఆయన చొక్కా మడత జాగ్రత్తగా సర్దాను, వాపు మీద తగలకుండా.

"మీరు కండెలు చుట్టండి. కూర్చుని చేసే పనేగా" అన్నాను.