ఆయన పేరుతో ఓకే

చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆనించి, రెండో చేత్తో భర్త ఫోను అందుకుని "ఓకే" అని కొట్టిందామె. స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు ఇంకా ఆగలేదు. అవతల గోడౌన్లో ఒక చక్రాల కుర్చీ ఆ ఒక్క మాట కోసం వ్యాను పక్కన కాచుకుని ఉంది. సోఫాలో కూర్చున్న అత్తగారు ఫోను మోత విని నిట్టూర్చింది.

"పొద్దున లేచిన దగ్గర్నుంచీ మావాణ్ణి పీక్కు తింటారు. ఒక్కడు ఎన్నని చూసుకుంటాడే? స్నానం కూడా స్థిమితంగా చెయ్యనివ్వరు."

స్నానం స్థిమితంగానే సాగుతోంది. లోపల్నించి కూనిరాగం కూడా వినిపిస్తోంది. ఆమె కాలరు తిరగేసింది.

తన తల్లి తుంటి విరిగి మంచాన పడ్డప్పుడు, తలవైపు పైకి లేచే మంచం అద్దెకు దొరక్క ఆమె ఊరంతా తిరిగింది. ఆ తిరుగుడులోంచే ఈ కంపెనీ పుట్టింది. హాస్పిటల్ మంచాలు, కుర్చీలు ఇళ్ళకు అద్దెకివ్వడం. మొదట్లో అన్నీ ఆమే చూసేది. కాస్త నిలదొక్కుకున్నాక ఆయన ఉద్యోగం మానేసి వచ్చాడు. "బయటివాళ్ళతో మాట్లాడాలంటే ఒక మొహం ఉండాలి. నీకెందుకీ తిరుగుళ్ళు, నువ్వు లోపల చూసుకో" అన్నాడు. లోపల అంటే ఏమిటో రోజులు గడిచేకొద్దీ తెలిసింది. పాడైన చక్రం దగ్గర్నుంచి ఆయన ఉపన్యాసం దాకా అన్నీ లోపలివే. జీతం మాట ఎత్తితే "మన ఇంట్లో మనకి జీతమేంటి?" అని నవ్వాడు. తనది మాత్రం తీసుకుంటున్నాడు, లేకపోతే చూసేవాళ్ళకు బాగుండదట.

వచ్చిన వారంలోనే ఒక పద్ధతి పెట్టాడు. ఏ సామాను బయటికి వెళ్ళాలన్నా ఫోన్ గ్రూపులో ఆయన ఓకే ఉండాలి. పెట్టాడే గాని, ఫోను చూసే ఓపిక ఆయనకు లేదు. ఒక మధ్యాహ్నం ఆయన గుర్రుపెడుతుంటే, ఎవరో రోగి ఎదురుచూస్తున్నారని మనసాగక, ఆయన ఫోన్లోంచి ఓకే కొట్టింది. లేచి చూసి "పనికొచ్చే పనే చేశావు" అన్నాడు. అంతే, మంచినీళ్ళ గ్లాసులాగా, తడి తువ్వాలులాగా అదీ ఆమె పనుల్లో కలిసిపోయింది. ఓకే సరిగ్గా కుదిరితే ఆయన ముందుచూపు. బెడిసికొడితే "చూసి పెట్టలేవా?" అని ఆమె మీద విసుగు. సార్ ఎంత బిజీగా ఉన్నా క్షణంలో జవాబిస్తారని ఆఫీసంతా మెచ్చుకుంటుంటే, పక్కనే కూర్చుని ఆమె తలాడించేది.

గోడౌను చూసే ఆవిణ్ణి అందరూ స్టోరక్క అంటారు. ఈమధ్యే, ఫోను ఆయన వెంట వెళ్ళిన ఒకరోజు, స్టోరక్క, పడుకుని పడుకుని వీపు పుళ్ళు పడిన ఒక ముసలాయనకు ఓకే లేకుండానే గాలిపరుపు పంపింది. "ఇక్కడ ఓనరు నువ్వా, నేనా?" అని ఆయన అందరి ముందూ కడిగేశాడు. స్టోరక్క ఆమె దగ్గరికి వచ్చి, "ఇంకొక్కసారి ఇలా అంటే మానేస్తా మేడమ్. చేతులు కట్టుకు నిలబడ్డానికి నేనెందుకు, దిష్టిబొమ్మ చాలు" అంది. అలాంటి మనిషి వెళ్ళిపోతే గోడౌను గోడౌనుగా ఉండదని ఆమెకు తెలుసు.

ఇవాళ కొత్త కంపెనీలు పెట్టినవాళ్ళ సభ. ఆయన మాట్లాడేది "మీ టీమ్‌ని నమ్మండి" అని. రాసింది ఆమె, వంటగది గట్టు మీద కాగితం పెట్టుకుని. "స్టేజీ మీద మోగితే పరువు పోతుంది, నీ దగ్గరుంచు" అని ఫోను ఆమె చేతిలో పెట్టి వెళ్ళాడు. చివరి వరసలో కూర్చుంది. కాఫీలిస్తున్న పెద్దావిడ ఆమె మొహం చూసి, అడక్కుండానే ఫ్యాను ఇటు తిప్పింది.

"నేను నెలరోజులు కనపడకపోయినా నా కంపెనీ ఆగదు," అన్నాడాయన మైకులో. "పెత్తనం చేసేవాడు నాయకుడు కాడు. దారి వదిలేవాడు నాయకుడు."

చప్పట్లు. ఆమె చేతిలో ఫోను వణికింది. స్టోరక్క.

"సార్, అడిగిన మంచానికి మోటారు తిరగట్లేదు. చేత్తో తిప్పేది ఉంది. పంపమంటారా?" వెంటనే ఇంకొకటి. "పేషెంటు హాస్పిటల్లో బయల్దేరారు. మంచం లేకపోతే నేల మీద దించాలట. ఓకే అనండి సార్."

వేలు అలవాటుగా 'ఓ' అక్షరం మీదికి పోయి ఆగింది. ఏళ్ళ తరబడి రోగుల కోసమే ఈ పని చేస్తున్నాననుకుంది. కానీ ఆయన పెత్తనానికి ఒక్కనాడూ నొప్పి తెలియనివ్వనిది తనే కదా! ఆలస్యమైతే కదా ఆ పద్ధతి ఎంత పనికిమాలినదో బయటపడేది? ఆలస్యం కాకుండా కాపలా కాసింది ఎవరు? ఒళ్ళు మండింది, ముందు తన మీదే.

వరండాలోకి వచ్చి తన ఫోను తీసింది.

"అక్కా, మంచం సంగతి మీరేమంటారు?"

"నేననేదేముంది మేడమ్. సార్ ఓకే పెట్టలేదు."

"సార్ని వదిలెయ్యండి. మీ నాన్నకైతే ఏం చేస్తారు?"

"చేత్తో తిప్పేదే పంపుతా. వాళ్ళింట్లో కరెంటు నిలకడ లేదు, మోటారుదైతే సగంలో ఆగి కూచుంటుంది. తిప్పడం ఎలాగో డ్రైవరు చూపించొస్తాడు."

"పంపెయ్యండి మరి."

"సార్ అరుస్తారు."

నా పేరు చెప్పండి అనబోయింది. అదీ ఇంకో రకం ఓకేనే. "నాకు తెలిసింది నేను చేశానని చెప్పండి. పక్కన నేనుంటా."

"ఆ మాట చాలు. ఒరేయ్, ఎక్కించండ్రా!" అవతల ఇనుప చప్పుళ్ళు. "మేడమ్, మీరు అన్నం తిన్నారా?"

ఆ ప్రశ్న ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తు రాలేదు.

సభ అయ్యాక ఆయన వెలిగిపోతూ వచ్చాడు. "ఏమైనా వచ్చాయా? పెట్టేశావుగా?"

"లేదు."

పక్కకు లాగాడు. "మతిపోయిందా? అక్కడ పేషెంటు..."

"మంచం వెళ్ళింది."

"ఎవర్నడిగి?"

"స్టోరక్కే ఆలోచించి పంపింది. అడగక్కర్లేదని మీరిప్పుడేగా చెప్పారు?"

"అది స్పీచే బాబూ! కంపెనీ వేరు!" ఇంతలో ఎవరో ఫోటో అంటూ పిలిచారు. మొహం సర్దుకుంటూ గొంతు తగ్గించాడు. "ఆవిడ సంగతి తర్వాత తేలుస్తా. ముందు గ్రూపులో నా పేరుతో పెట్టు, నా ఓకే లేనిదే ఒక్క మేకు కూడా కదలకూడదని."

ఆమె ఆయన ఫోను ఆయన అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. గోడ పక్కకు జరిగి, తన ఫోన్లో, తన పేరుతో, గ్రూపులో మొదటిసారి రాసింది:

"ఇన్నేళ్ళూ ఇక్కడ సార్ పేరుతో ఓకే పెట్టింది నేను. ఇక పెట్టను."