పన్నెండూ పావుకి ఆగిపోయే ఫౌంటెన్

ఆ ఫౌంటెన్ ఆదివారాల్లో మాత్రమే, అదీ పన్నెండింటి నుంచి పన్నెండూ పావు దాకా పారుతుంది. స్వీడన్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు వందేళ్ల కిందట తమ పాత ఊరిని తలచుకుని ఈ ఊరి నడుమ కట్టుకున్నారు. గొట్టాలు అంతకు మించి తట్టుకోలేవట. నీళ్లు ఏ పళ్లెంలోంచి ఏ పళ్లెంలోకి ఎలా పడుతున్నాయో హంసిక కళ్లారా చూసి బొమ్మ గీయాలి, రేపు క్లాసులో చూపించాలి. ఫొటో చూసి గీస్తే ఒప్పుకోనని టీచరు ముందే చెప్పింది.

తాము ఉండే బాతెల్ ఊళ్లో తొమ్మిదికే బయల్దేరారు. పదకొండున్నరకల్లా ఊరి మొదట్లో ఉన్న గ్యాస్ స్టేషన్‌ దగ్గర నాన్న జితేందర్ కారు ఆపేశాడు.

"మన దోస్తు చక్రపాణి వాళ్ల కారు రావాలె గదా. ఇడిసిపెట్టి పోతే ఏమనుకుంటరు?"

"అంకుల్‌కి అడ్రస్ తెలుసు కద నాన్నా!"

"తెలిస్తే? కలిసి బయల్దేరినం, కలిసే పోవాలె."

పదకొండూ యాభై అయిదుకు ఫోన్ చేస్తే తెలిసింది, ఆ అంకుల్ ఫౌంటెన్ పక్క వీధిలోనే అరగంట నుంచీ కారులో కూర్చుని ఉన్నాడని.

"మీరు లేకుండా మేమెలా చూసేస్తామండీ, బాగోదు కదా! డ్రైవింగ్‌లో ఉంటారని కాల్ చేయలేదు."

హంసిక పళ్లు కొరుక్కుంది.

వాళ్లను కలిసి, అంకుల్ భార్య ఉమామహేశ్వరి ఆంటీ పెట్టిన పులిహోర తప్పించుకోలేక తిని, ఫౌంటెన్ ముందుకు వచ్చేసరికి పన్నెండూ పది. హంసిక పుస్తకం తెరిచిందో లేదో, ఆంటీ చెయ్యి పట్టి లాగింది.

"నువ్వు లేకుండా గ్రూప్ ఫొటో ఏంటమ్మా?"

అందరూ ఫౌంటెన్‌కు వీపు పెట్టి వరుసగా నిలబడ్డారు. ఎవరో దారినపోయే పెద్దాయన నవ్వుతూ ఫోన్ అందుకున్నాడు. ఒక ఫోన్‌లో తీయడం అయింది. రెండోదీ అయింది.

"నా కళ్లు మూతపడ్డాయి, ఇంకోటి!" అన్నాడు అంకుల్.

వెనక నీళ్ల చప్పుడు. నేను చూడాలి అంది హంసిక. ఆ మాట ఆమెకే వినబడలేదు. పెద్దవాళ్ల మాటకు అడ్డం చెప్పిన అలవాటు లేదు. అందుకని గిరుక్కున వెనక్కి తిరిగింది.

"ఇటు చూడు బిడ్డా!"

తిరగలేదు. పై పళ్లెం కాస్త ఒరిగి ఉంది. నీళ్లన్నీ ఎడమవైపుకే జారుతున్నాయి. నిలబడే గబగబా గీసింది.

"అయ్యో, మూడోదాంట్లో పిల్ల జడే పడిందండీ!" అంది ఆంటీ.

ధార సన్నబడి, బొట్లుబొట్లుగా రాలి, ఆగిపోయింది. హంసిక చివరి గీత గీసి పుస్తకం మూసింది.

"ఇప్పుడు ఎన్నైనా తీసుకోండి అంకుల్," అంది, అందరికీ వినబడేలా.