లూసీ ప్లేటు

న్యూజెర్సీ పిస్కాటవేలో, పిల్లల్ని చూసిపెట్టే రాధారాణిగారి ఇంటి ముందు కారాపి, వసంతకుమారి అద్దంలో చూసుకుంటూ నుదుట స్టిక్కర్ బొట్టు పెట్టుకుంది. ఆదివారం తెలుగు చర్చిలో ఆ నుదురు ఖాళీగానే ఉంటుంది. హాస్పిటల్ చేరగానే ఆ బొట్టు తీసి స్టీరింగ్‌కి అంటించేస్తుంది. వెనక సీట్లో నాలుగేళ్ళ లూసీకి ఇదంతా రోజూ చూసేదే.

"ఆంటీ ఇంట్లో తినేముందు కళ్ళు మూసుకోకు. ప్రార్థన మనసులో చెప్పుకో."

"మనసులో అంటే ఎక్కడ, మమ్మీ?"

వసంత వాచీ చూసుకుంది. ఏడింటికల్లా నర్సు డ్యూటీ ఎక్కాలి. 1984లో అంత పొద్దున్నే పిల్లను చూసే డేకేర్ ఆ చుట్టుపక్కల లేదు. అంతకుముందు చూసిన అమెరికన్ ఆవిడ, పాప బట్టలు కూర వాసన వస్తున్నాయని నవ్వుతూనే చెప్పి, నవ్వుతూనే మానేసింది. రాధారాణి కూడా వద్దంటే ఉద్యోగం పోతుంది, దాంతో ముడిపడ్డ గ్రీన్ కార్డ్ కూడా పోతుంది.

నిజానికి వసంత అబద్ధమేమీ ఆడలేదు. మొదటిరోజు రాధారాణి, "గుంటూరులో ఏ పేటండీ? మీవాళ్ళెవరు?" అని తీయగా అడిగింది. వసంత తాను చదువుకున్న హాస్టల్ ఉన్న పేట చెప్పి, రెండో ప్రశ్న వినబడనట్టు చెప్పులు విప్పుకుంది. "పాప పేరు లూసీయా? మంచిపని చేశారు, స్కూల్లో ఈజీగా ఉంటుంది" అని ఆవిడే సర్దుకుంటే తలూపింది. భయపడేవాళ్ళకి ఎదుటివాళ్ళ పొరపాటు కూడా దేవుడి సాయంలాగే కనిపిస్తుంది మరి.

ఒక బుధవారం సాయంత్రం రాధారాణి గుమ్మంలోనే చెప్పింది.

"మీ పాప ఇవాళ చేతులు జోడించి, 'యేసయ్యా, ఈ అన్నానికి వందనాలు' అందండీ. ఎంత ముద్దుగా చెప్పిందో. ఎవరు నేర్పారు?"

"టీవీలో చూసిందేమోనండీ" అంది వసంత. న్యూజెర్సీలో తెలుగు ప్రార్థనలు చెప్పే టీవీ ఏదని ఆవిడ అడగలేదు. అడిగేసినా బాగుండేది. ఆ వారమంతా ఫోన్ మోగితే చాలు, రేపటినుంచి పాపను తీసుకురావద్దని చెప్పడానికేనని వసంతకు పైప్రాణాలు పైనే పోయేవి. ఆవిడ ఆ మాటా అనలేదు.

సోమవారం సాయంత్రం వసంత వెళ్ళేసరికి మిగతా ముగ్గురు ఆడపిల్లలూ వంటింట్లో టేబుల్ దగ్గర స్టీలు ప్లేట్లలో ఉప్మా తింటున్నారు. లూసీ గరాజ్ తలుపు పక్కన, వాషింగ్ మెషీన్ దగ్గర కింద కూర్చుని ఉంది. ఒళ్ళో నారింజరంగు ప్లాస్టిక్ ప్లేటు, పక్కన అదే రంగు గ్లాసు.

"జలుబుల సీజన్ కదండీ, సపరేట్‌గా పెడుతున్నాను. ఏమనుకోకండి" అంది రాధారాణి.

ముక్కు కారుతున్నది టేబుల్ దగ్గరున్న ఆవిడ కూతురికే. లూసీకి తుమ్ము కూడా లేదు. గుంటూరు వైపు వసంత తల్లి కూలికి వెళ్ళే మోతుబరి ఇంట్లో, ఆమె నీళ్ళు తాగే గ్లాసు ఎప్పుడూ పెరటి చూరులో దోపి ఉండేది. అది గుర్తొచ్చి వసంతకు కోపం గొంతుదాకా వచ్చింది. దాని వెనకే భయం వచ్చి నోరు నొక్కేసింది.

"మంచిపని చేశారండీ. థాంక్స్" అంది. అనేశాక తనమీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున కారు మళ్ళీ అదే ఇంటి ముందు ఆగింది. ఆవిడకు నిజంగా తెలిసిపోయిందో లేదో వసంతకు ఇంకా అంతుపట్టలేదు. ఇప్పుడు బొట్టు మానేస్తే తనంతట తానే ఒప్పుకున్నట్టవుతుంది. స్టీరింగ్ మీది స్టిక్కర్ తీసి నుదుట పెట్టుకుంది.

లూసీ వెనక సీట్లోంచి ముందుకు వంగింది.

"మమ్మీ, నాకు కూడా పెట్టు."

"నీకెందుకమ్మా?"

"వాళ్ళందరికీ ఉంది. అది పెడితే నేను కూడా టేబుల్ దగ్గర తింటా." ఇంటి తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "ఇంక మనసులోనే చెప్తా మమ్మీ, ప్రామిస్."