తాళంచెవి నా చేతికే

తాళం పడిన చప్పుడు నాకు కొత్త కాదు. హార్డ్‌వేర్ దుకాణం నాది. ఊళ్లో సగం ఇళ్లకు వేలాడుతున్న తాళాలు నా బల్ల మీదుగా వెళ్లినవే. కానీ ఆ చప్పుడు తలుపుకు లోపలి వైపు నుంచి వినడం మాత్రం ఆ సాయంత్రమే మొదలు.

క్లిక్‌మంది. తర్వాత గట్టిగా లాగి చూసిన చప్పుడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. మూసినవాడు మా బావమరిదే, అనుమానం లేదు. అలా లాగి చూడడం వాడికి నేర్పింది నేనే.

ముందు నవ్వొచ్చింది. నా తల ఇంకా పడవ అడుగున, ఇంజను పక్కన బ్యాటరీ దగ్గరే ఉంది.

"ఒరేయ్, లోపల నేనున్నారా!" అని అరిచాను.

పైన వాన రేకుల మీద రాళ్లు పోసినట్టు కురుస్తోంది. నా అరుపు నాకే సరిగా వినపడలేదు. రేవు చెక్కల మీద వాడి అడుగుల చప్పుడు దూరమైంది. కాసేపటికి మోటారు సైకిలు స్టార్టయింది. అది కూడా దూరమైపోయింది.

నేను కొన్న సరుకుల్లో రాబడి లేనిది ఈ షికారు పడవ ఒక్కటే. సెలవు రోజున ఇంటిల్లిపాదీ నీళ్ల మీద తిరిగి వస్తే మా ఆవిడ వారమంతా నవ్వుతూ ఉంటుంది. ఆ నవ్వునే లాభం కింద రాసుకుని ఊరుకున్నాను. తుపాను వస్తోందని తెలియగానే మధ్యాహ్నం దుకాణం మూసి, బావమరిదిని వెంటేసుకుని రేవుకొచ్చాను. గోదాము ఖాళీ చేసినట్టు పడవంతా ఖాళీ చేశాం. పరుపులు, రేడియో, పనిముట్ల పెట్టె, వంట సామాను, చివరికి మా ఇద్దరి ఫోన్లు కూడా తడుస్తాయని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఒడ్డుకు చేర్చాం. అద్దాలు పగలకుండా కిటికీలకు బయటి నుంచి ప్లైవుడ్ వేసి మరలు బిగించాను. పైకప్పులో ఉన్న చిన్న తలుపుకూ అంతే. బిగింపులో నాకు పేరుంది.

తాళ్ల దగ్గరే గొడవైంది.

"బావా, ఇంత బిగిస్తే ఎలా? నీళ్లు పెరిగితే పడవ పైకి లేవాలి కదా. కాస్త వదులుంచు," అన్నాడు.

"వదులుగా కట్టిన సరుకు సగం దారిలో జారిపోతుంది. లారీలకు లోడెత్తించిన చేతులివి. నాకు చెప్పొచ్చావా?"

"ఇది సిమెంటు బస్తా కాదు బావా, తేలే వస్తువు!"

"తేలేదైనా మునిగేదైనా కట్టు కట్టే. ముందు నీ నోటికి ఒక ముడి వెయ్యి."

"ఉండు, అక్కకి చెప్తా."

"చెప్పుకో. నేను పోతున్నా. నువ్వు తాళమేసి రా," అని విసురుగా రేవు మీదికి నడిచాను. నాలుగడుగులు వేశాక బ్యాటరీ గుర్తొచ్చింది. మంచి సరుకు, నీళ్ల పాలు చేయడమెందుకు? వెనక్కొచ్చి లోపలికి దిగాను. వాడు ముందు వైపున, నాకు వీపు పెట్టి టార్పాలిన్ కడుతున్నాడు. చెప్పలేదు. కోపంలో ఉన్నవాడు బామ్మర్దికి కబురు చెప్పి దిగుతాడా?

వాడు మూసేముందు లోపలికి ఎందుకు తొంగి చూడలేదంటే, అదీ నా పాఠమే. దుకాణం మూసేటప్పుడు లోపలికి చూస్తూ నిలబడితే ఎవడో ఒకడు పరిగెత్తుకొచ్చి ఒక్క మేకు కావాలంటాడు. అందుకే చూడకు, షట్టరు దించు, తాళమెయ్యి, లాగి చూడు, నడువు. ఇన్నేళ్లుగా నా దుకాణంలో వాడు అచ్చం అలాగే చేస్తున్నాడు.

తలుపును భుజంతో గుద్దాను. కదల్లేదు. కిటికీ చెక్కను కాలితో తన్నాను. నేను బిగించిన మరలు ఎందుకు ఊడతాయి? స్క్రూడ్రైవర్ కోసం చెయ్యి చాచి, పెట్టె ఒడ్డున ఉందని గుర్తొచ్చి, చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. సుత్తి లేదు, కత్తి లేదు. ఊరందరికీ పనిముట్లు అమ్మేవాణ్ణి, నా దగ్గర గోళ్లు తప్ప ఏమీ లేవు.

అప్పుడు పాదాలు తడిశాయి.

పడవ ఊగడం లేదు. అదే నన్ను చంపేసినంత పని చేసింది. గాలి అంతలా వీస్తుంటే, బయట నీళ్లు అంతలా లేస్తుంటే, పడవ బండరాయిలా కదలకుండా ఉంది. నా తాళ్లు దాన్ని లేవనివ్వడం లేదు. పెరిగిన నీళ్లు అంచు దాటి, తలుపు కింది సందులోంచి లోపలికి వస్తున్నాయి. వాడి మాట అక్షరాలా జరుగుతోంది.

తీసేసిన బ్యాటరీ తీగలు చీకట్లో తడుముకుని మళ్లీ తగిలించాను. తడి వేళ్లలోంచి రెండుసార్లు జారాయి. మూడోసారి నీళ్లు తోడే మోటారు గుర్రుమంది. ఆ చప్పుడుకు ఏడుపొచ్చింది. కానీ అది తోడేది చెంబుతో, వచ్చేది బిందెతో. మోకాళ్లు మునిగాయి. లెక్క ఎటు తిప్పినా నాకు నష్టమే చూపిస్తోంది. నేను ఇంట్లో ఉన్నానని వాడనుకుంటాడు, రేవులో వాడితో ఉన్నానని ఆవిడ అనుకుంటుంది. ఇక నన్ను వెతికేదెవరు?

నడుము దాకా వచ్చాక అరవడం మానేశాను.

అప్పుడు తలుపు మీద ఎవరో బాదారు.

"బావా! లోపలున్నావా? బావా!"

గోడ మీద అరచేత్తో కొట్టాను. తాళం తీసిన చప్పుడైంది కానీ తలుపు రాలేదు. బయట నీళ్లు దాన్ని అదిమి పట్టాయి. వాడు లాగాడు, నేను కాళ్లతో తన్నాను. మనిషి దూరే సందు రాగానే వాడు నా చొక్కా కాలరు పట్టుకుని బస్తాను ఈడ్చినట్టు ఈడ్చాడు. ఇద్దరం రేవు చెక్కల మీద పడ్డాం. మా వెనకాల, పడవ ముందు వైపు తాడు కొక్కేన్ని చెక్కతో సహా పెరుక్కుని వచ్చేసింది. పడవ ఒక పక్కకు ఒరిగింది. లేవలేదు.

వాన మా నోళ్లలోకి కొడుతోంది. వాడి పెదవులు తెల్లబడ్డాయి. నా చెయ్యి లాక్కుని, అరచేతిలో తాళంచెవి పెట్టి, నా వేళ్లు ఒక్కొక్కటే మూశాడు.

అప్పుడర్థమైంది వాడెందుకు వచ్చాడో. మూసినవాడు తాళంచెవి యజమాని చేతికే ఇవ్వాలి, ఇంకెవరికీ కాదు. అదీ నేను నేర్పిందే. వాడు ఇంటికెళ్లాడు, నేను లేను. ఆవిడ ఇలా ఇవ్వరా అంటే ఇవ్వలేదట. "బావ చేతికే ఇవ్వాలక్కా," అని దుకాణానికి వెళ్లాడు. అక్కడా లేను. మూసిన షట్టరు ముందు నిలబడి, చేతిలో తాళంచెవి చూసుకుంటూ ఉండగా తట్టిందట వాడికి, నేను పడవలోనే ఉండిపోయానని.

ఇంట్లో మా ఆవిడ తువ్వాలుతో ఇద్దరి తలలూ తుడిచింది. ముందు తమ్ముణ్ణి చూసింది, తర్వాత నన్ను.

"పడవ ఏమైంది?"

బావమరిది అరచెయ్యి ఒక పక్కకు ఒరగేసి కిందికి దించాడు.

"పోనీలెండి. మీరొచ్చారు. ఆ చేతిలో ఏంటి? వదలండి, వేడి పాలు తాగుదురు గాని."

వదలాలనే చూశాను. వేళ్లు విచ్చుకోలేదు. ఆవిడ లాగింది, బావమరిది లాగాడు. నా పిడికిలి మాత్రం విడలేదు.

"ఇంత బిగిస్తే ఎలా బావా," అన్నాడు వాడు మెల్లగా. అని, అక్క ఒళ్లో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు.