ఎదుటి బల్ల మనిషి

హలో, వినబడుతోందాండీ? ఆ, నేనేనండి. భోజనాలయ్యాయా? ఇంట్లో అందరూ కులాసాయే కదా. పది నిమిషాల వాయిస్ మెసేజే, ఫోను పక్కన పెట్టేయకండి, మా వైపు జరిగిన ఒక సంగతి చెబుతాను. బడ్జెట్ గురించి. బడ్జెట్ అనగానే కంగారు పడకండి, అంకెలు నాకూ పెద్దగా రావు. కడుపుమంట మాత్రం బాగా తెలుసు, కథంతా దాని గురించే.

నరసాపురం దాటి గోదావరి గట్టు మీద కొంత దూరం పోతే ఒక రేవు ఉంది. ఆ రేవులో పాపాయి అనే ఆవిడ టీ కొట్టు నడుపుతుంది. కొట్టు ముందు రెండు బల్లలు. ఒకటి తాటాకు పందిరి కింద నీడలో, రెండోది పందిరి బయట, పొద్దు పొడిచింది మొదలు ఎండలో. నీడ బల్ల మీద అధికార పక్షం కూర్చోవాలి, ఎండ బల్ల మీద ప్రతిపక్షం. ఈ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు గానీ, పద్దెనిమిదేళ్లుగా ఎవరూ తప్పలేదు. ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు పొద్దున్నే ఓడిన పార్టీ వాళ్లు టీ గ్లాసులు పట్టుకుని లేచి ఎండలోకి వచ్చేస్తారు, గెలిచిన వాళ్లు నీడలోకి వెళతారు. ఆ రోజు మాత్రం పాపాయి రెండు పక్షాలకీ అల్లం టీ పోస్తుంది.

ఆ రెండు బల్లల మీదా అసలు మనుషులు ఇద్దరే. ఒకడు ఏసురాజు, హైస్కూల్లో రికార్డు అసిస్టెంటు, యాభై ఆరేళ్ల మనిషి. రెండోవాడు పల్లంరాజు, సొంత పడవ, సొంత వల ఉన్నవాడు. తెల్లారేసరికి వేట నుంచి వచ్చి, రేవులో చేపల వేలం అయ్యాక టీ కొట్టుకి చేరేవాడు. ఏసురాజుది ఒక పార్టీ, పల్లంరాజుది దాని ఎదుటి పార్టీ. మిగతా పది మందీ వినడానికి వచ్చేవాళ్లు. 'ఏం బావా' అని ఒకడంటే 'ఏంటి బావా' అని రెండోవాడనేవాడు. అక్కడితో మర్యాద పూర్తయ్యేది.

ఇందులో ఒక చిత్రం ఉంది. బల్లతో పాటు వాదన కూడా మారిపోయేది. ఎండలో ఉన్నవాడు రాష్ట్రాన్ని అప్పుల్లో ముంచేశారనేవాడు. నీడలో ఉన్నవాడు మీరు ముంచి వెళ్లినదాన్నే తేలుస్తున్నామనేవాడు. పెట్రోలు మీద పన్ను ఎండలో ఉన్నంత కాలం దోపిడీ, నీడలోకి వచ్చాక తప్పనిసరి. జీతాలు ఆలస్యమైతే ఎండలో అది దివాలా, నీడలో సర్దుబాటు. ఐదేళ్లకోసారి ఇద్దరూ ఒకరి మాటలు ఒకరు పుచ్చుకునేవాళ్లు. వినేవాళ్లు ఇది గమనించి నవ్వుకునేవాళ్లు. వాళ్లిద్దరూ మాత్రం ప్రతిసారీ ప్రాణం పెట్టి నమ్మేవాళ్లు.

ఏసురాజుకి ఆ ఒక్క గంటే రోజంతా. స్కూల్లో ఆయన్ని ఫైలు తెమ్మనేవాళ్లే గానీ అభిప్రాయం అడిగేవాళ్లు లేరు. చర్చి కమిటీలో ఆయన లేచి నిలబడితే పాస్టరుగారు గడియారం చూసుకునేవారు. ఇంట్లో భార్య సంపూర్ణమ్మ వింటూనే బియ్యం ఏరుకునేది. ఆయన నోట్లోంచి ఏం వస్తుందా అని చెవులు నిక్కించి కాచుకునే మనిషి లోకంలో పల్లంరాజు ఒక్కడే. కొట్టిపారేయడానికే కాచుకునేవాడు, అయినా కాచుకునేవాడు.

ప్రస్తుతం ఏసురాజు పార్టీ అధికారంలో ఉంది, ఆయన నీడలో ఉన్నాడు. అలాంటి రోజుల్లో ఉదయ్‌కుమార్ వచ్చాడు. డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ లెక్చరరు. బదిలీ మీద వచ్చి రేవు దగ్గరే ఒక మేడ మీద అద్దెకి దిగాడు. ముప్పై అయిదేళ్లుంటాయి, మెల్లగా మాట్లాడతాడు. అభిమానం ఏ పార్టీ అని అడిగితే ఏసురాజు పార్టీయే అన్నాడు. ఏసురాజు పొంగిపోయాడు. భుజం మీది తువ్వాలుతో బల్ల తుడిచి తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. ఇంక పల్లంరాజు పని అయిపోయిందని అందరికీ చాటాడు.

మొదటి రోజే పల్లంరాజు ఆయన్ని పరీక్షించాడు. లోటు లోటు అని పేపర్లో రాస్తారు, ఆ లోటు ఏంటో చెప్పమన్నాడు. ఏసురాజు నోరు తెరిచేలోపు ఉదయ్‌కుమార్ అందుకున్నాడు.

"మీరు అప్పు తెచ్చి పడవకి కొత్త ఇంజను కొన్నారనుకోండి, అదొక రకం. ఇంజను మళ్లీ మీకు సంపాదించి పెడుతుంది. అప్పు తెచ్చి ఇంట్లోకి బియ్యం, పప్పు కొన్నారనుకోండి, అది ఇంకో రకం. ఈ రెండోదాన్నే రెవెన్యూ లోటు అంటారు. మన ప్రభుత్వం రెండు రకాల అప్పులూ చేస్తోందండి."

"మీ పార్టీ ప్రభుత్వమే కదండీ?" అన్నాడు పల్లంరాజు నమ్మలేక.

"మా పార్టీయేనండి. ఉన్నదాన్ని లేదంటే ఎలా?"

నీడ బల్ల మీంచి ఇలాంటి మాట పల్లంరాజు పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఆ రోజు నుంచి ఆయన ప్రశ్నలన్నీ ఉదయ్‌కుమార్ వైపే తిరిగాయి. కేంద్రం మన వాటా ఎంతిస్తోందని, మద్యం మీద వచ్చే పన్ను ఆగిపోతే ఏం చేస్తారని, ఆడవాళ్లకి పంచే డబ్బు ఖర్చా పెట్టుబడా అని అడిగేవాడు. సారు చెబుతుంటే పైకి మడిచిన లుంగీ కిందికి దించుకుని మరీ వినేవాడు. పద్దెనిమిదేళ్లలో ఏసురాజు ముందు ఆ లుంగీ ఒక్కసారి దిగలేదు.

ఏసురాజు అన్నీ చూశాడు. పల్లంరాజు మాట మాటకీ అండి అనడం చూశాడు. సారుకి చక్కెర తక్కువ వేయమని పాపాయికి పల్లంరాజే గుర్తు చేయడం చూశాడు. ఒకనాడు వేలంలోకి వెళ్లాల్సిన పండుగప్ప చేపని పక్కకి తీసి, సారింటికి సంచిలో పెట్టి పంపడం కూడా చూశాడు. ఇంటికొచ్చి ఈ చేప సంగతి మూడుసార్లు చెప్పాడు.

"ఆయన మీ పార్టీ మనిషే కదండీ, మీకెందుకు అంత మంట?" అంది సంపూర్ణమ్మ.

మంటేమీ లేదని గట్టిగా చెప్పి, అన్నం సగంలో వదిలేసి లేచాడు.

అప్పటి నుంచి ఆయన చదువు మొదలుపెట్టాడు. స్కూల్లో మధ్యాహ్నం పూట ఫోన్లో బడ్జెట్ వీడియోలు చూసి, పాత హాజరు పట్టీల వెనక మాటలు రాసుకుని బట్టీ పట్టాడు. ఒకరోజు అదను చూసి, "ద్రవ్య లోటు వేరు బావా, దాని సంగతి నన్నడుగు," అని అందుకున్నాడు. పల్లంరాజు చెయ్యి అడ్డం పెట్టి, "ఆగు బావా, సారు చెబుతున్నారు," అన్నాడు. కసిరినట్టయినా అనలేదు. ఈగని తోలినట్టు అన్నాడు. ఏసురాజు సగం తాగిన టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

అసెంబ్లీలో బడ్జెట్ పెట్టిన మర్నాడు రేవులో జనం బాగా పోగయ్యారు. ఏటా ఆ రోజు ఇద్దరికీ పండగే. పల్లంరాజు పేపరు మడతలు సరిచేసుకుని, గొంతు సవరించుకుని, "చెప్పండి ఉదయ్‌కుమార్‌గారూ," అని మొదలుపెట్టాడు. ఏటా ఆ మాట 'చెప్పు బావా' అని ఉండేది.

ఏసురాజు లేచాడు. గ్లాసు పట్టుకుని పందిరి దాటి, ఎండలోకి నడిచి, పల్లంరాజు పక్కన ఎండ బల్ల మీద కూర్చున్నాడు.

ఎన్నికలు లేకుండా బల్ల మారిన మనిషిని ఆ రేవు ఎప్పుడూ చూడలేదు. పాపాయి పాలగిన్నె దించి అలాగే నిలబడిపోయింది. ఏసురాజు ఉదయ్‌కుమార్ కళ్లలోకి చూస్తూ అందుకున్నాడు. వచ్చేదానికీ పోయేదానికీ పొంతన లేదన్నాడు. ఇంటి పన్ను, చెత్త పన్ను, బండి పన్ను అన్నీ కట్టించుకుని గట్టు మీద గుంట పూడ్చలేని ప్రభుత్వం ఎందుకన్నాడు. పాత అప్పుకి వడ్డీ కట్టడానికి కొత్త అప్పు చేస్తున్నారన్నాడు. ఒక్క మాట తడబడలేదు. ఎందుకు తడబడతాడు, అవన్నీ పల్లంరాజు మాటలే. ఏళ్ల తరబడి ఎదురుగా కూర్చుని తిన్న దెబ్బలన్నీ వరసగా గుర్తున్నాయి. జనం చప్పట్లు కొట్టారు. ఉదయ్‌కుమార్ నవ్వి, మీరన్నదాంట్లో చాలావరకు నిజమేనన్నాడు.

ఏసురాజు గర్వంగా పక్కకి తిరిగాడు. పల్లంరాజు చేతిలోని గ్లాసులోకి చూస్తున్నాడు. పేపరు మడిచి బల్ల మీద పెట్టి లేచాడు.

"కూర్చోండి ఏసురాజుగారూ. నాకు వల పనుంది," అని వెళ్లిపోయాడు.

గారు అన్నాడు. చేప ఇవ్వకపోవడం కన్నా, చెయ్యి అడ్డం పెట్టడం కన్నా ఆ ఒక్క మాట ఏసురాజుని కోసేసింది.

తర్వాత మూడు రోజులు పల్లంరాజు టీ కొట్టుకి రాలేదు. ఉదయ్‌కుమార్ పరీక్షల పనిలో పడి రాలేదు. రెండు బల్లలూ ఖాళీగా ఉంటే ఏసురాజు దేని మీద కూర్చోవాలో తేల్చుకోలేక, మధ్యలో నిలబడి టీ తాగాడు. నీడలోకి వెళితే సిగ్గు, ఎండలో ఉంటే అబద్ధం. గ్లాసు ఎక్కడ పెట్టమంటారో త్వరగా తేల్చమని పాపాయి మొహం మీదే అడిగింది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆ తెల్ల చొక్కాతోనే పల్లంరాజు ఇంటికి నడిచాడు. పల్లంరాజు వాకిట్లో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. ఆయన భార్య లోవమ్మ పీట వేసి, అన్నయ్యగారు ఇన్నాళ్లకి దారి తప్పారని నవ్వి లోపలికి వెళ్లింది.

"పార్టీ మారావంట," అన్నాడు పల్లంరాజు తల ఎత్తకుండా.

"మారలేదు."

"మరి నా బల్ల మీద ఏం పని?"

దారంతా ఏసురాజు జవాబులు సిద్ధం చేసుకుంటూనే వచ్చాడు. మనస్సాక్షి అని, ప్రజల పక్షం అని ఏవో ఉన్నాయి. అవన్నీ పక్కన పెట్టేశాడు.

"కుళ్లుకున్నాను బావా," అన్నాడు.

"దేనికి?"

"నువ్వు ఆయనతో మాట్లాడుతుంటే."

పల్లంరాజు చేతిలో దారం ఆగింది. "ఆయన నీ పక్షమే కదా. ఆయన గెలిస్తే నువ్వు గెలిచినట్టే."

"గెలుపు ఎవడిక్కావాలి? నువ్వు నాతో పోట్లాడాలి."

పల్లంరాజు వల చిరుగులో వేళ్లు పెట్టి చూశాడు.

"నువ్వొచ్చి పక్కన కూర్చుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు," అన్నాడు. "నా మాటలన్నీ నీ నోట్లోంచి వింటుంటే, ఎదుటి బల్ల మీద నువ్వు లేవు. ఎవరితో అనను? ఆ సారు మంచోడే. కానీ నేను తోస్తే పక్కకి తప్పుకుంటాడు, నిజమేనండి అంటాడు. నువ్వైతే చచ్చినా కదలవు. నాకు ఒళ్లు మండిపోతుంది నీతో. ఇంటికెళ్లి కూడా ఈవిడ మీద అరుస్తాను."

"మరి పండుగప్ప ఎందుకిచ్చావు?"

"నీకిస్తే లంచం అంటారు. అధికార పక్షం కదా."

"ఆయనా అధికార పక్షమే."

"ఆయన ఒప్పుకుంటాడుగా."

ఏసురాజుకి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. పల్లంరాజు వల ఒక కొస ఆయన చేతిలో పెట్టి, గట్టిగా లాగి పట్టుకోమన్నాడు. పట్టుకున్నాక, చేపల వేట ఆపమనే రెండు నెలలకీ ప్రభుత్వం ఇచ్చే డబ్బుకి ఈ బడ్జెట్‌లో ఏం రాశారని అడిగాడు. ఏసురాజు గొంతు సవరించుకున్నాడు. అంతకు ముందున్నవాళ్లు ఖజానా ఊడ్చేసి వెళ్లకపోతే ఎప్పుడో ఇచ్చేవాళ్లమన్నాడు. పల్లంరాజు వల వదిలేసి లేచి నిలబడ్డాడు. ఇద్దరి గొంతులూ వీధి చివరి దాకా వినిపించాయి. లోవమ్మ బయటికొచ్చి, అన్నం చల్లారిపోతోందని రెండుసార్లు చెప్పి, విసుగొచ్చి లోపలికి పోయింది.

మర్నాడు ఏసురాజు నీడ బల్ల మీద కూర్చున్నాడు. పరీక్షలయ్యాక ఉదయ్‌కుమార్ వస్తే చోటిచ్చాడు, బెత్తెడు మాత్రమే ఇచ్చాడు. ఇప్పటికీ పల్లంరాజు ఆయన్ని అండి అన్నప్పుడల్లా ఏసురాజు కడుపులో చురుక్కుమంటుంది. అప్పుడు మధ్యలో దూరిపోయి, "సారుని వదిలెయ్, నన్నడుగు," అంటాడు. పల్లంరాజు అడుగుతాడు.

ఇదండీ సంగతి. పార్టీల గోలలో పడి మాటలు మానేసుకున్న మనిషి మీక్కూడా ఒకరుంటారు. గ్రూపుల్లో తర్వాత పెడుదురు గానీ, ముందు ఆ ఒక్కరికీ ఈ కథ పంపించండి. ఉంటానండి మరి.