తీగ గుట్టపడే చోట

వీధిలో అందరూ ఆమెను వైండింగమ్మ అంటారు. కాలిపోయిన మోటార్లలోంచి పాత తీగ పీకి కొత్త తీగ చుట్టడం ఆమె పని. కొట్టు వెనక గదిలో ఆమె, కూతురు ఉంటారు.

కూతురికి ఇంజనీరింగ్ కావాలి. అదీ ఒక్క కాలేజీలోనే. అక్కడ సీటొస్తే చదువూ తిండీ కాలేజీయే చూసుకుంటుంది. మిగతా కాలేజీల గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడరు. రాత పరీక్షలో అమ్మాయి అంచు మీద గట్టెక్కింది. ఇంటర్వ్యూ మిగిలింది. అందులో కాదన్నవాళ్లను ఆ కాలేజీ మళ్లీ రానివ్వదు.

అడ్మిషన్ల విషయంలో దారి చెప్పే సారు ఒకాయన ఉంటే ఇద్దరూ వెళ్లి కలిశారు. ఆయన మార్కులు చూసి పెదవి విరిచాడు.

"ఈ మార్కులు అక్కడికొచ్చే ప్రతివాళ్లకీ ఉంటాయి తల్లీ. చేత్తో చేసిందేమైనా ఉందా?"

"అమ్మ కోసం తీగ చుట్టే మెషీన్ చేశానండి. కానీ సరిగ్గా చుట్టదు."

"పట్టుకెళ్లు. అవకాశం కాస్త పెరుగుతుంది."

ఆ 'కాస్త' అన్న మాట వైండింగమ్మ చెవిలో ఉండిపోయింది. పెరిగేదేదో కాస్తే ఎందుకు పెరగాలి అనుకుంది.

పాత కుట్టుమిషన్ చక్రంతో చేసిన మెషీన్ అది. చక్రం తిప్పితే ఒక పక్క తీగ చుట్టుకుంటుంది. ఇంకో పక్క హృదయం ఆకారంలో కోసిన చెక్కబిళ్ల తిరుగుతూ, తీగను పట్టుకున్న కడ్డీని అటూ ఇటూ జరుపుతుంది. ఆ బిళ్లను అమ్మాయి రంపంతో కోసి, ఆకురాయితో అరగదీసింది. పెన్సిల్ గీతలు చెక్క మీద అలాగే ఉన్నాయి. తీగ మధ్యలో బాగానే పరుచుకునేది. కొసల దగ్గర గుట్టపడేది.

ఇంటర్వ్యూ ముందురోజు అమ్మాయి సర్టిఫికెట్ల కోసం స్కూలుకు వెళ్లింది. వైండింగమ్మ మెషీన్ ఎత్తుకుని పక్క షెడ్డుకు వెళ్లింది. అక్కడ లేత్ నడిపే మనిషి ఆమెను వదినా అంటాడు. మూతపడ్డ ఫ్యాక్టరీ సామాను కుప్పలోంచి అతను ఒక ఇనుప బిళ్ల తీశాడు. అదే ఆకారం, అంచు మీద దొర్లే చిన్న చక్రంతో సహా. చెక్కబిళ్ల ఊడదీసి దాన్ని బిగించాడు. తిప్పి చూస్తే తీగ ఈ కొస నుంచి ఆ కొసకు వరస తప్పకుండా పరుచుకుంది.

"కొంచెం రంగు కూడా వేద్దూ" అంది వైండింగమ్మ.

"స్నానం కూడా చేయించమంటావా వదినా? పిల్ల చదువుకెళ్తోందా, మెషీన్ వెళ్తోందా?"

"నీకేం తెలుసు. బయటికెళ్లేటప్పుడు పిల్లకి ఇస్త్రీ బట్టలేసి పంపమూ?"

చెక్కబిళ్ల తుక్కులోకి పోయింది. ఆ తుక్కు సాయంత్రం బండికెక్కి వెళ్లిపోయింది. అమ్మాయి వచ్చేసరికి మెషీన్ గోనెసంచిలో ఉంది.

"విప్పకు, గట్టిగా కట్టాను" అంది వైండింగమ్మ. అక్కడ విప్పినప్పుడు కూతురి మొహం ఎలా ఉంటుందో చూడాలని ఆమె ఆశ.

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురు కూర్చున్నారు. సామాను మోసుకొచ్చినవాళ్లను గోడ పక్క బెంచీ మీద కూర్చోనిచ్చారు. అమ్మాయి సంచి విప్పింది. విప్పి, చేతులు వెనక్కి తీసుకుంది.

వాళ్లలో ఒకావిడ లేచి వచ్చి చక్రం తిప్పింది. తీగ పరుచుకోవడం చూసింది.

"బాగుంది. ఈ బిళ్ల ఆకారం ఎలా లెక్కగట్టావమ్మా?"

అమ్మాయి బిళ్లను చూసింది. తర్వాత గోడ వైపు చూసింది. వైండింగమ్మ చెప్పు చెప్పు అన్నట్టు తలూపింది.

"ఇది నేను చేసింది కాదండి."

"మరి నువ్వు చేసిందేది?"

"మిగతాది. నా బిళ్ల చెక్కది. ఇక్కడ... ఇక్కడ ఉండేది."

"ఇప్పుడెక్కడుంది?"

వైండింగమ్మ లేచి నిలబడింది. "నేనే మార్పించానండీ. దానిది కొసల్లో గుట్టలు గుట్టలుగా చుట్టేది. మీకు చూపించాలంటే బాగుండదని..."

"మీరు కూర్చోండమ్మా" అన్నాడు మధ్యలో ఉన్నాయన. గొంతులో కోపం లేదు. "ఆ ఫ్రేమ్?"

"ఫ్రేమ్ దాందేనండీ! రంగొక్కటే నాది. ఒట్టు."

పక్కనున్నాయన నవ్వాపుకున్నాడు. మధ్యలో ఉన్నాయన తల దించుకుని ఏదో రాసుకున్నాడు. తర్వాత అమ్మాయిని లెక్కల మీద రెండు ప్రశ్నలు అడిగారు. రెంటికీ చెప్పింది. ఇద్దరికీ థాంక్సు చెప్పి తలుపు చూపించారు. వరండాలో గోడకు అంటించిన కాగితం మీద ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలని ఉంది. వీళ్లకు అందులో సగం కూడా పట్టలేదు.

బస్సులో మెషీన్ ఇద్దరి కాళ్ల మధ్య ఉంది.

"తిట్టవే. తిడితే తిట్టు" అంది వైండింగమ్మ.

అమ్మాయి కిటికీలోంచి చూస్తోంది.

"నీది గుట్టపడేదిగా తల్లీ."

"ఎందుకు గుట్టపడేదో తెలుసా?"

"చెక్క కదా, సరిగ్గా తెగక..."

"కాదు. బిళ్ల మొన పదునుగా ఉంటే కడ్డీ అక్కడ పట్టేసేది. అందుకని గుండ్రంగా అరగదీశాను. గుండ్రంగా ఉన్నచోట కడ్డీ కాసేపు ఆగుతుంది. ఆగినచోట తీగ గుట్టపడుతుంది. పట్టెయ్యకుండా ఉండాలంటే ఎంత గుట్ట ఓర్చుకోవాలో లెక్కగట్టాను. నాలుగు బిళ్లలు పాడుచేస్తే అది కుదిరింది. దాని మీద గీతలన్నీ అవే."

వైండింగమ్మ ఇన్నేళ్లుగా తీగ చుడుతోంది. ఆ మాట ఆమెకు అర్థమైంది. ఎంత బాగా అర్థమైందంటే, ముందు సీటు కడ్డీని గట్టిగా పట్టుకుంది.

"ఈ ముక్కే అక్కడ చెప్పొచ్చు కదే!"

"దేన్ని చూపించి చెప్పనమ్మా?"

కండక్టర్ వాళ్ల స్టాపు పేరు అరిచాడు. మెషీన్ బరువెక్కింది, ఇనుము కదా. చెరో పక్క పట్టుకుని దిగారు.